పగలు కోట, సాయంత్రం క్రిస్మస్ మార్కెట్, మధ్యలో ఫోన్‌తో తిప్పలు

ప్రశ్న: మా అమ్మాయి మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తోంది. డిసెంబర్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు 22న, అంటే పనిరోజున, ఉదయం 11.20 టికెట్ దొరికింది. గూగుల్ క్యాలెండర్‌లో వేసి అమ్మాయికి పంపితే తన ఫోన్‌లో 6.50 అని చూపిస్తోందట! తప్పుగా బుక్ చేశానా? బవేరియా రాష్ట్రమంతా ప్రాంతీయ రైళ్లలో ఒక రోజు తిరగడానికి ఇచ్చే బవేరియా టికెట్ తీసుకుని రైల్లో వెళ్దామనుకుంటున్నాం. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టికెట్ సరిగ్గానే ఉందమ్మా. మీరు హనుమకొండలో కూర్చుని 11.20 అని కొట్టారు కాబట్టి క్యాలెండర్ దాన్ని మన టైమ్ అనుకుంది. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అందుకే అక్కడ 6.50. ఆ ఈవెంట్ తెరిచి ఎడిట్ నొక్కండి. తేదీ కిందే టైమ్ జోన్ ఉంటుంది. అందులో బెర్లిన్ అని వెతికి ఎంచుకుని, సమయం మళ్లీ 11.20గా ఉందో లేదో చూసి సేవ్ చేయండి. ఇప్పుడు మీ ఫోన్‌లో మధ్యాహ్నం 3.50 కనిపిస్తుంది. కంగారు పడకండి, అదే కరెక్ట్. హోటల్, రైలు... ఏది వేసుకున్నా ఇదే పద్ధతి.

మీకు అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. బవేరియా టికెట్ పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. మ్యూనిక్ నుంచి కోటకు దగ్గరి రైల్వేస్టేషన్ ఉన్న ఫ్యూసెన్‌కు దాదాపు రెండు గంటలు. అక్కడి నుంచి బస్సులో కోట కింది ఊరు హోహెన్‌ష్వాన్‌గావ్, ఆపైన అరగంటకు పైగా ఎక్కుడు దారి. 11.20కి మీరింకా దారిలోనే ఉంటారు. అక్కడ గైడ్ బృందాన్ని టికెట్ మీది టైముకే లోపలికి పంపుతారు, ఆలస్యమైతే అంతే సంగతులు. కాబట్టి వెళ్లేటప్పుడు మామూలు టికెట్ కొనుక్కుని తెల్లారకముందే బయల్దేరండి. అమ్మాయి దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లకు చెల్లే నెలవారీ పాస్) ఉంటే తనకు ఈ గొడవ లేదు, కొనాల్సింది మీ ఇద్దరికే. లోపల ఫొటోలు తీయనివ్వరు. 24, 25 తేదీల్లో కోట మూసేస్తారు, బవేరియాలోనే ఉన్న న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్ కూడా 24తోనే ముగుస్తుంది. అందుకే 22 మంచి రోజే. నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రానికి మ్యూనిక్ వచ్చేసి ఊరి నడిబొడ్డున ఉండే మరియన్‌ప్లాట్జ్ కూడలిలో క్రిస్మస్ మార్కెట్ దీపాలు చూడొచ్చు.

ఇంకో మాట. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటే అన్నీ వస్తాయనుకోకండి. నెట్ లేకపోతే అది కారు దారి మాత్రమే చెబుతుంది, రైళ్లు, బస్సులు చూపించదు. కోట టికెట్ పీడీఎఫ్‌ను ముగ్గురి ఫోన్లలోనూ సేవ్ చేసుకోండి.

ప్రశ్న: మంచులో ఫోన్ త్వరగా ఆగిపోతుందంటారు, నిజమేనా? – గుంటూరు

జవాబు: నిజమే, నాకే జరిగింది. 30 శాతం చార్జ్ ఉందని ధీమాగా కెమెరా తెరిచాను, స్క్రీన్ నల్లబడింది. చలికి లిథియం బ్యాటరీలో అంతర్గత నిరోధం, అంటే కరెంటు పారడానికి అడ్డంకి, పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజ్ పడిపోయి ఫోన్ తనంతట తాను ఆగిపోతుంది. ఒంటి వేడి తగిలేలా కోటు లోపలి జేబులో పెట్టుకుంటే మళ్లీ లేస్తుంది. చల్లబడి ఉన్నప్పుడు మాత్రం చార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ పాడవుతుంది. బయటి నుంచి వెచ్చని గదిలోకి వెళ్లేముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టేయండి, లేదంటే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. పవర్ బ్యాంక్ చెకిన్ లగేజీలో వద్దు, చేతి సంచిలోనే.

ప్రశ్న: క్రిస్మస్ మార్కెట్లో ఫోన్‌పే పనిచేస్తుందా? – హైదరాబాద్

జవాబు: ఆ దుకాణాల్లో మన యూపీఐని నమ్ముకోవద్దు. కార్డుకు అంతర్జాతీయ వాడకం, ట్యాప్ చెల్లింపు రెండూ బ్యాంక్ యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకుని బయల్దేరండి. నోట్లు, చిల్లర నాణేలు కూడా ఉంచుకోండి. వేడి వైన్ కప్పుకు విడిగా డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే వెనక్కి వస్తుంది. పిల్లలకైతే కిండర్‌పున్ష్ అని అడగండి, అందులో ఆల్కహాల్ ఉండదు.