పొయ్యి వెలిగించని పూట

ప్రశ్న: ఆదివారం రాత్రి వంట చేయనని ఇంట్లో చెప్పేశాను. మధ్యాహ్నం వండిన అన్నం, పప్పు, వేపుడు ఎలాగూ మిగులుతాయి. మేము ఐదుగురం. వాటినే పెడితే పిల్లలు ముఖం చిట్లిస్తారు. మా అత్తగారు ‘చల్లటివి పెడతావా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు’ అంటారు. చివరికి మిగిలినవన్నీ నేను తిని, వాళ్లకు ఉప్మా చేసి పెడుతున్నాను. పొయ్యి వెలిగించకుండా అందరికీ సరిపోయే భోజనం ఏదైనా చెప్పండి.
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: వంట మానేశానన్న మనిషి ఉప్మా చేయడం ఏమిటమ్మా? ఉల్లిపాయ తరగాలి, రవ్వ వేయించాలి, ఉండ కట్టకుండా కలపాలి, ఆఖరున మూకుడు తోమాలి. అది వంట కాదని ఎవరన్నారో గానీ, వాళ్లు ఎప్పుడూ ఉప్మా చేసి ఉండరు.

మీ ఇబ్బంది వంటకాలు తెలియక వచ్చింది కాదు. మిగిలినవి ఇల్లాలి వాటా అనే లెక్క ఒకటి మన ఇళ్లలో ఉంది. ముందు దాన్ని చెరిపేయండి. గిన్నెలన్నీ నడిమధ్య పెట్టి, అందరూ చుట్టూ కూర్చోండి. మీరు కూడా. మీరొక్కరే వంటగదిలో నిలబడి తినేటట్లయితే ఆ కూర ఆవుకు పెట్టేయండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇక పని. మధ్యాహ్నం భోజనాలు కాగానే అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరచి, ఆవిరి పోగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పప్పూ అంతే. చల్లబడ్డ అన్నం బిరుసెక్కుతుంది. పిల్లలు ముఖం చిట్లించేది దానికే. తినే ముందు చేత్తో పొడిపొడిగా విడదీసి, పలుచటి మజ్జిగ చిలకరించి కాసేపు ఉంచితే కొంత మెత్తబడుతుంది.

దాని పక్కన ఆవ పెట్టిన పెరుగు పచ్చడి ఉండాలి. ఈ పూటకు ప్రాణం అదే. రెండు చెంచాల ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి, చల్లటి నీళ్లతో మెత్తగా నూరండి. నూరగానే పెరుగులో కలపకండి. ఆవాలు నలిగి, తడి తగిలాకే వాటిలోని ఘాటు పుడుతుంది. దానికి ఓ పది నిమిషాలు కావాలి. అప్పటికి ముక్కు దగ్గర పెడితే కళ్లు చెమ్మగిల్లాలి. పులుపు ముందే తగిలితే ఘాటు పూర్తిగా పుట్టదు, వేడి తగిలితే పోతుంది. పొయ్యి లేని పూటకే పుట్టిన పచ్చడి అన్నమాట! ఘాటు వచ్చాక గడ్డపెరుగు, సన్నగా తరిగిన దోసకాయ కలపండి. చిన్నపిల్లలకు మాత్రం ఆవ కలపకముందే కొంచెం పెరుగు, దోసకాయ ముక్కలు తీసి పెట్టండి.

పప్పుకు తోడుగా పచ్చిపులుసు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసకండి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి చేత్తో గట్టిగా నలిపి అందులో వేయండి. ఉల్లిపాయ నీరు వదలాలి. చెంచాతో కలిపితే ఆ రుచి రాదు. చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర వేస్తే అయిపోయింది. పోపు లేదని ఎవరైనా సణిగితే, మూకుడు ఎక్కడుందో చూపించండి.

వేపుడును అటుకులలో కలపండి. మందం అటుకులైతే కడిగి, నీళ్లు వార్చి ఓ పావుగంట ఉంచాలి. పలుచటివి కడిగితే ముద్దయిపోతాయి, నీళ్లు చిలకరిస్తే చాలు. బంగాళాదుంప వేపుడు, కొబ్బరి కోరు, నిమ్మరసం, డబ్బాలో వేయించిన వేరుశెనగపప్పు ఉంటే అదీ. ఉద్దానంలో చుట్టాలుంటే కొబ్బరికాయకు కొదవ ఉండదు కదా. అప్పటికీ పిల్లలు అలిగితే అటుకులు, బెల్లం, అరటిపండు. చివర్లో భీమాలి మామిడితాండ్ర తలా ఒక ముక్క ఇవ్వండి.

మీ అత్తగారి సంగతి. ఆవిడతో వాదనకు దిగకండి. సాయంత్రం పెసరపప్పు నానబెట్టి, కొబ్బరి, పచ్చిమామిడి తురుము కలిపి వడపప్పు చేయండి, దాన్ని ముందు ఆవిడకే వడ్డించండి. శ్రీరామనవమినాడు రామతీర్థంలోనైనా, మీ వీధి పందిట్లోనైనా రాముడికి పెట్టేది పానకం, వడపప్పు, చలిమిడే కదా. దేవుడికి పనికొచ్చిన చల్లటి వంటకం మనకు పనికిరాదా అని ఆవిడ చేతే అనిపించవచ్చు.

ప్రశ్న: మా చిన్నతనంలో రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున తిని పొలం వెళ్లేవాళ్లం. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు మా అబ్బాయి మిగిలిన అన్నం కనిపిస్తే చాలు, విషం అంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక రైతు, ఇచ్ఛాపురం

జవాబు: ఇద్దరూ వేర్వేరు అన్నాల గురించి మాట్లాడుతున్నారండీ. మీరన్నది చద్దన్నం. చల్లారిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే, పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే అందులోనూ పెరిగి పులుపు తెస్తాయి. ఆ పులుపు చాలా చెడు సూక్ష్మజీవులను ఎదగనివ్వదు. మీకు సరిహద్దు అవతల ఒడిశావాళ్లు దీన్నే పఖాళ అంటారు. ఏటా మార్చి 20న దాని పేరిట ఒక దినమే జరుపుకుంటారు.

మీ అబ్బాయి భయపడేది గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నం గురించి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని వండిన రెండు గంటల లోపే నీళ్లు పోయడమో, ఫ్రిజ్‌లో పెట్టడమో జరగాలి. సాయంత్రమంతా మూత కింద ఉక్కిన అన్నంలో పడుకోబోయే ముందు నీళ్లు పోస్తే అది చద్దన్నం కాదు. జిగురు సాగినా, పులుపు కాని వాసన వచ్చినా పారేయండి. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవాళ్లకు పెట్టకండి. చేపల పులుసు, మాంసం మిగిలితే మాత్రం పొయ్యి వెలిగించాల్సిందే. కుతకుత ఉడికాకే తినాలి.

ప్రశ్న: గదిలో ఒక్కడినే ఉంటాను. స్టవ్వు లేదు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ, ఒక సంచి మరమరాలు ఉన్నాయి. రాత్రికి ఏం చేయను?
– ఒక విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: ఆవకాయ ముక్కను పక్కన పెట్టు నాయనా, జాడీ అడుగున ఉన్న పిండి, నూనె తీసుకో. ఉల్లిపాయ, టమాటా సన్నగా తరిగి అందులో కలిపి, నిమ్మకాయ పిండు. కంచం ముందు కూర్చున్నాకే మరమరాలు వేసి కలుపు, కలిపిన వెంటనే తిను. ఈలోగా ఫోను మోగితే మోగనివ్వు.