చెరువు పక్క ఇళ్లకు పచ్చదనం తగ్గిందా?

ప్రశ్న: మానసిక ఆరోగ్య సర్వేలో పాల్గొన్నవారి ఇళ్ల చుట్టూ 500 మీటర్ల పరిధిలో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) సగటు కట్టాం. చెరువు ఒడ్డున, చెట్ల మధ్య ఉన్న ఇళ్లకు విలువ తక్కువ వస్తోంది. పైగా 2021 కన్నా 2023లో ఊరంతటా పచ్చదనం పడిపోయినట్టు కనిపిస్తోంది. తప్పెక్కడ?

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. మొదటిది నీళ్లతో వచ్చింది. సమీప పరారుణ పరావర్తనం నుంచి ఎరుపు పరావర్తనాన్ని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ. నీటికి ఇది సాధారణంగా సున్నాకు దిగువన ఉంటుంది. పరిధిలో సగం చెట్లు (0.7), సగం నీరు (-0.2) ఉంటే సగటు 0.25కి జారుతుంది. కాబట్టి సగటుకు ముందే నీటి పిక్సెళ్లను తీసేయండి. నీటి వాటాను మాత్రం విడిగా నమోదు చేసుకోండి, విశ్లేషణలో అవసరమవుతుంది.

రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే నిజమైన మార్పులాగే కనిపిస్తుంది. 2022 జనవరి 25న వచ్చిన 04.00 ప్రాసెసింగ్ బేస్‌లైన్ (చిత్రాలను సిద్ధం చేసే పద్ధతి వెర్షన్) నుంచి పిక్సెల్ విలువలకు 1000 కలుపుతున్నారు. దాన్ని తీసేయకుండా, పరావర్తనం రాబట్టడానికి 10,000తో భాగిస్తే ఎరుపు 0.05 కాస్తా 0.15, పరారుణం 0.35 కాస్తా 0.45 అవుతాయి. 0.75 రావలసిన చోట 0.50 వస్తుంది. పాత చిత్రాలను కూడా తర్వాత మళ్లీ ప్రాసెస్ చేశారు గనుక చిత్రం తీసిన తేదీని నమ్ముకోకుండా ప్రతి చిత్రం బేస్‌లైన్ నంబరు చూడండి. రెండేళ్లకూ ఒకే రుతువు చిత్రాలు తీసుకుని, మేఘాలూ వాటి నీడలూ తొలగించారో లేదో కూడా సరిచూసుకోండి.

ఇవన్నీ సరిదిద్దినా, మనసుకు మేలు చేసేది ఏమిటని మీరు అనుకుంటున్నారో అది తేలాలి. ఎన్‌డీవీఐకి పచ్చికకూ చెట్టుకూ, అందరి పార్కుకూ తాళం వేసిన తోటకూ తేడా తెలియదు. పార్కుకు వెళ్లి నడవడం వల్ల మేలనుకుంటే దారి వెంట దూరం కొలవాలి. 300 మీటర్ల లోపు 0.5–1 హెక్టారు బహిరంగ పచ్చని స్థలం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2016లో చెప్పిన కొలమానం. కంటికి కనిపించే పచ్చదనమే ముఖ్యమనుకుంటే వీధి ఫొటోల్లో ఆకుల వాటా లెక్కించడం నయం. పరిధి ఎంతో ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకోండి. చిరునామాలు పిన్‌కోడ్ స్థాయిలోనే ఉంటే మాత్రం 100 మీటర్ల పరిధి జోలికి పోవద్దు.