వానలో మస్టాంగ్ గిర్రున తిరిగింది, అమ్మేయాలా?

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటాను. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో 2016 మస్టాంగ్ జీటీ కొన్నా, మాన్యువల్ గేర్. మొన్న వానలో ర్యాంప్ మలుపు తిరుగుతూ హైవేలో కలుద్దామని సెకండ్ గేర్‌లో కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కా, అంతే, వెనక భాగం పక్కకి జారింది, భయమేసి టక్కున కాలు తీసి బ్రేక్ తొక్కేశా, కారు గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు మొహం పెట్టి ఆగింది. వెనక ఎవరూ లేరు కాబట్టి బతికిపోయా. ఇంట్లో వాళ్ళు అమ్మెయ్ అంటున్నారు. రియర్ వీల్ డ్రైవ్ వానకి పనికిరాదా?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు నీకేం కాలేదు, అది చాలు తమ్ముడూ. అమ్మడం తర్వాత చూద్దాం గానీ ముందు వెనక టైర్లు చూడు. ఒక క్వార్టర్ (25 సెంట్ల నాణెం) తీసుకుని వాషింగ్టన్ తల కిందికి ఉండేట్టు టైరు గాడిలో పెట్టు, తల పైభాగం మొత్తం కనిపిస్తే గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు కూడా లేనట్టే, అంటే 3 మిల్లీమీటర్ల చిల్లర. చట్టం రెండు వంతుల దాకా ఒప్పుకుంటుంది గానీ వాన ఒప్పుకోదు. ఈ కార్లలో ఇంజన్ బలమంతా వెనక టైర్ల మీదే కాబట్టి అవే ముందు అరుగుతాయి, పాత ఓనరు ఎలా తొక్కాడో ఎవరికి తెలుసు. అలాగే టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే తయారీ నంబరు) చివరి నాలుగు అంకెలు చూడు, 3517 అని ఉంటే 2017లో 35వ వారం తయారైందని. సమ్మర్ టైర్లయితే ఇంకో తిప్పలుంది, 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే వాటి రబ్బరు బిగుసుకుపోతుంది, జనవరి వానలో వాటితో సాహసం వద్దు.

ఇక ఆ రోజు జరిగింది చెప్తా. టైరుకున్న పట్టు ఒక్కటే జేబులో డబ్బు లాంటిది, మలుపుకి కొంత ఖర్చైపోయాక యాక్సిలరేటర్‌కి మిగిలేది తక్కువ, వానలో అసలు జేబే చిన్నది. నువ్వేమో మలుపు మధ్యలో 435 హార్స్ పవర్ ఇంజన్ని పిలిచావు. అయినా నన్నడిగితే కారుని తిప్పింది ఆ మొదటి తప్పు కాదు, రెండోది. టక్కున కాలు తీస్తే ఇంజనే వెనక చక్రాల్ని పట్టి లాగుతుంది, పైగా బరువంతా ముందుకి వంగి వెనక తేలికైపోతుంది, ఆ మీద బ్రేక్ కూడానా! నేనూ కొత్తలో ఇదే చేశా, అదృష్టం కొద్దీ ఖాళీ పార్కింగ్ లాట్‌లో.

మరి జారితే ఏం చెయ్యాలి? యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా వదులు, లేదా క్లచ్ నొక్కెయ్, కళ్ళు వెళ్ళాల్సిన వైపే ఉంచి స్టీరింగ్ అటే తిప్పు, కారు సర్దుకుంటుండగానే మళ్ళీ నిటారు చెయ్, ఆలస్యమైతే రెండో వైపుకి కొరడాలా కొడుతుంది. అప్పటికే సగం తిరిగిపోయిందనుకో, ఇంక పోరాడకు, క్లచ్చూ బ్రేకూ రెండూ పూర్తిగా తొక్కి ఆగేదాకా పట్టుకో.

అసలు అక్కడిదాకా రానివ్వకుండా ఉండాలంటే ర్యాంప్‌లో థర్డ్ గేర్ వాడు, స్టీరింగ్ నిటారయ్యాకే స్పీడ్ పెంచు, గేరు దించేటప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదలకు, మీ కారులో స్నో/వెట్ మోడ్ ఉంటుంది అది పెట్టుకో, క్రూజ్ కంట్రోల్ ఆపెయ్. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వాన ఉంది చూడు, రోడ్డు మీది ఆయిలంతా పైకి తేలుతుంది, ఆ అరగంట మరీ చెడ్డది. నువ్వు రాయలేదు గానీ, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఊరికే గిర్రుమనకుండా ఆపేది) బటన్ ఆఫ్‌లో ఉందేమో అని నా అనుమానం. అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకీ స్టెబిలిటీ కంట్రోల్ (కారు పక్కకి జారితే తనే సర్దే ఏర్పాటు) తప్పనిసరి చేశారు, ఊరికే కాదు. అలాగని గుండు టైర్లకి అది పట్టు పుట్టించలేదు.

వానకి టైర్లలో గాలి తగ్గించమని చెప్పేవాళ్ళుంటారు, వినకు. నాసా వాళ్ళ పాత లెక్క ఒకటుంది, ప్రెషర్ వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే నిలిచిన నీళ్ళ మీద టైరు తేలిపోయే వేగం గంటకి మైళ్ళలో వస్తుంది, 32 పీఎస్‌ఐకి సుమారు 58.5. గాలి తగ్గితే ఆ వేగమూ తగ్గుతుంది. గాడి బాగుంటే కొంత వెసులుబాటు ఉంటుందనుకో.

కారు అమ్మక్కర్లేదు. ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్) వాళ్ళ ఆటోక్రాస్‌కి, అంటే కోన్లు పెట్టి ఒక్కో కారునే తిప్పించే పోటీకి, ఒక వాన రోజు వెళ్ళు, కోన్ల మధ్య ఎన్నిసార్లు తిరిగినా పోయేది కోనే.

ప్రశ్న: డిక్కీలో ఇసుక బస్తా వేస్తే వెనక పట్టు పెరుగుతుందట, నిజమేనా?

జవాబు: అది మంచులో ఖాళీ పికప్ ట్రక్కు కదలడానికి వేసే చిట్కా అండీ. తడి మలుపులో తోక బరువు పెరిగితే, జారినప్పుడు ఇంకా గట్టిగా ఊగుతుంది. బస్తాని కట్టలేదా, అది కూడా డిక్కీలో పొర్లుతూ ఓ చెయ్యి వేస్తుంది.