పెన్ డ్రైవ్ కాదురా, ఎస్‌ఎస్‌డీ కొను

చిన్నా,

నిన్న ఫోన్ల అడిగినవ్ కదా, అక్క లాప్‌టాప్‌ల విండోస్ ముట్టుకోకుండ లినక్స్‌ని (విండోస్ లెక్కనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఓఎస్) పెన్ డ్రైవ్ మీదనే నడిపియ్యొచ్చా అని, మీ చిన్నమ్మ అన్నానికి రమ్మని ఒకటే పిలుపు, సగంల పెట్టేసిన. ఇప్పుడు తీరిగ్గ రాస్తున్న.

నడుస్తది. గానీ ఐఎస్‌ఓని, అంటే లినక్స్ మొత్తం ఉన్న ఒక్క ఫైల్‌ని, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తోని పెన్ డ్రైవ్ మీద రాసి దాంతోని కంప్యూటర్ లేపితే (బూట్ చేస్తే) అది ఉత్త లైవ్, డెమో లెక్క, షట్‌డౌన్ కొడితే నువ్వు చేసిందంతా పాయె. పర్సిస్టెన్స్, అంటే డ్రైవ్ మీద దాచుకునే జాగ, పెట్టుకుంటే ఫైళ్లు మిగుల్తయి, కర్నెల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్ మాత్రం పట్టదు. రోజూ వాడాలంటే లోపలి డిస్క్ మీద చేసినట్టే ఫుల్ ఇన్‌స్టాల్ చెయ్యాలె, అంటే రెండు కావాలె, ఒకటి ఇన్‌స్టాలర్ ఉన్న పెన్ డ్రైవ్, ఇంకోటి సిస్టమ్ పోయి కూసునేది.

ఆ రెండోది కూడ పెన్ డ్రైవే అయితే ఏడుస్తవ్. సినిమా కాపీ చేస్తే మంచిగనే ఉరుకుతది, ఓఎస్ అట్ల కాదు, లాగ్ ఫైళ్లు (సిస్టమ్ రాసుకునే చిట్టా), బ్రౌజర్ క్యాషె (సైట్ల నుంచి దాచుకునే ఫైళ్లు) అనుకుంట చిన్న చిన్న ముక్కలు ఒక్కసారే నలభై చోట్ల రాస్తది, అక్కడ చేతులెత్తేస్తది. నేను 32 జీబీ దాంట్ల ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసి ఫైర్‌ఫాక్స్ నొక్కి చాయ్ తాగొచ్చిన, విండో అయితే వచ్చింది, టైప్ చేస్తే ఒక్కో అక్షరం ఆగి ఆగి పడుతున్నది, డ్రైవ్ ముట్టుకుంటే చుర్రుమన్నది. ఎనిమిది నెలలకు రీడ్ ఓన్లీ అయి కూసుంది, చదువుడే గానీ ఏం రాయనియ్యదు. సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల మార్కెట్) పోయి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (లాప్‌టాప్ లోపల పెట్టే రకం వేగమైన డిస్క్), దాన్ని పెట్టి యూఎస్‌బీకి తగిలిచ్చే డబ్బా, అంటే ఓ యూఎస్‌బీ 3 ఎన్‌క్లోజర్ తీసుకో. ఫుట్‌పాత్ మీద సగం ధరకు 2 టీబీ అని అమ్మేటియి చూడనే చూడకు.

ఇగ అసలు సంగతి, బూట్‌లోడర్, కంప్యూటర్ ఆన్ చెయ్యంగనే ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రాం. ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి బయటి డిస్కే చూపించినా సరే, బూట్‌లోడర్‌ని పోయి లోపలి డిస్క్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ల (బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగం) పెట్టేస్తది చాలాసార్లు. నాకు తెల్వక మియాపూర్ల మీ అత్తమ్మ లాప్‌టాప్ మీద ఇట్లనే చేసి, ఎస్‌ఎస్‌డీ పీక్కొని మెట్రో ఎక్కిన. ఎల్బీ నగర్ల దిగంగనే ఫోన్, నల్ల స్క్రీన్, మూలకు గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అని రాసుంది, దానికి కావాల్సిన మిగతా ఫైళ్లు నా ఎస్‌ఎస్‌డీలనే ఉండె, తెల్లారితే క్వశ్చన్ పేపర్ ఇయ్యాలె. రీస్టార్ట్ చేసి ఎఫ్9 (ఆ లాప్‌టాప్‌ల బూట్ మెనూ మీట) కొట్టు, విండోస్ బూట్ మేనేజర్ పట్టుకో అని ఫోన్లనే నడిపించిన, పేపర్ దక్కింది గానీ నెలరోజులు నాతోని సక్కగ మాట్లాడలే. అందుకే ఇన్‌స్టాల్ చేసేముందు వెనుక మూత విప్పి లోపలి డిస్క్ తీసి పక్కనపెట్టు, విప్పుడు రాకపోతే బయోస్‌ల (ఆన్ చెయ్యంగనే వచ్చే సెట్టింగ్స్) ఆ డిస్క్‌ని డిసేబుల్ చేసే ఆప్షన్ ఉందేమో చూడు. అయినంక గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ రిమూవబుల్ ఆప్షన్‌తోని ఇంకోసారి కొట్టు, అప్పుడే వేరే కంప్యూటర్ల మీద కూడ లేస్తది.

అక్క విండోస్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఉంటే సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్‌లోడర్లని ఆపే బయోస్ సెట్టింగ్) ముట్టుకునేముందే రికవరీ కీ రాసిపెట్టుకో, లేకపోతే అది కీ అడుగుతది, మీరు మొఖాలు చూసుకుంటరు. అది ఆఫీసు లాప్‌టాప్ అయితే మాత్రం ముట్టనే ముట్టకు.

ఇన్‌స్టాల్ల ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుంటే ఎవ్వలు చదవకుండ చేసేది) టిక్ పెట్టు, జేబుల వేస్కొని తిరిగేది కదా. వైరు పొట్టిది, గట్టిది చూసుకో, నడుస్తున్నప్పుడు కదిలి ఊడిందంటే మొత్తం ఫ్రీజ్.

శనివారం సీటీసీకి పోతే నాకు కూడ ఓ ఎన్‌క్లోజర్ తీసుకురా, నాదాని వైరు ఎలుక కొరికింది.

— చిన్నాయన