కార్డు జేబులో ఉన్నంత మాత్రాన పాలసీ ఉన్నట్టు కాదు

ఈసారి రథయాత్రకి పర్లాకిమిడి వచ్చిన మూడో రోజు, మా అన్నయ్య బీరువాలోంచి పాత స్వీట్ల డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టాడు. నిండా కారు కాగితాలు. పైన ఒక కంపెనీ పాలసీ, దాని కింద ఇంకో కంపెనీది, ఆ కింద మళ్ళీ మొదటి కంపెనీదే. "ఇప్పుడు నడుస్తున్నది ఏదో తెలీదే చెల్లీ" అన్నాడు. మా వీధి చివర ఏజెంటు గారు పద్నాలుగేళ్ళు ఏటా ఆయనే వచ్చి, చెక్కు పట్టుకెళ్ళి, కొత్త కాగితం తెచ్చి ఇచ్చేవారు. కిందటేడు ఆయన పోయారు. గుర్తుచేసే మనిషి లేకపోయేసరికి ఇన్సూరెన్స్ ఊసే ఎవరికీ తట్టలేదు.

ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఓడీ 20తో మొదలయ్యే మా బండి నంబరు కొడితే కంపెనీ పేరు, గడువు తేదీ కనిపించాయి. గడువు దాటి 41 రోజులు. ఆ 41 రోజుల్లో అన్నయ్య రెండుసార్లు బరంపురం, ఒకసారి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్ళొచ్చాడు. దేవుడి దయ, ఏమీ కాలేదు. 90 రోజులు దాటి ఉంటే ఏళ్ళ తరబడి క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, కూడా పోయేది. మర్నాడే బండి తనిఖీ చేయించి రెన్యువల్ కట్టించాం.

ఇదంతా చూస్తూ మా మేనల్లుడు పక్కనే కూర్చున్నాడు. ఆగస్టులో డాలస్‌కి ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. వాడితోపాటు గుణుపురం నుంచి ఒకడు, బరంపురం నుంచి ఒకడు. "అత్తా, అక్కడ నెల తిరక్కుండానే అందరూ సెకండ్ హ్యాండ్ కారు కొనేస్తారంట గదా. ఇన్సూరెన్స్ ఎవరి దగ్గర తియ్యాలి? ఏది చవగ్గా వస్తాది?" అని అడిగాడు. ఆ రాత్రి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను ఉండేది టెక్సస్, కాబట్టి అంకెలు ఎక్కువగా అక్కడివే.

మొదట నాకు జరిగింది చెప్తాను. 2011లో మేము అర్వింగ్ నుంచి ప్లేనోకి ఇల్లు మారాం. బ్యాంకుకి, ఆఫీసుకి, పిల్లల బడికి కొత్త చిరునామా ఇచ్చాను. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవ్వలేదు. ఆ నెలలోనే క్రెడిట్ కార్డు గడువు తీరి కొత్త కార్డు వచ్చింది. పాత కార్డు మీద నడుస్తున్న ఆటోపే ఆగిపోయింది. డబ్బు రాలేదు, ఫలానా తేదీకి పాలసీ రద్దవుతుంది అని వాళ్ళు ఉత్తరం రాశారు. అది అర్వింగ్‌లో పాత తపాలా పెట్టెలో పడింది.

ఒక సాయంత్రం వాన పడుతోంది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగకుండా జారి ముందున్న సెడాన్‌ని గుద్దింది. అందులో ఒక పెద్దావిడ, వెనక సీట్లో ఆవిడ మనవడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాళ్ళ వెనక బంపరు లోపలికి పోయింది, డిక్కీ మూత వంగిపోయింది. పోలీసు ఆవిడ వచ్చి ఇన్సూరెన్స్ అడిగితే ధైర్యంగా గ్లవ్ బాక్స్‌లోంచి ఇన్సూరెన్స్ కార్డు తీసి ఇచ్చాను. దాని మీద ఇంకా మూడు నెలల గడువు అచ్చయి ఉంది. ఆవిడ తన బండిలోకి వెళ్ళి కంప్యూటర్‌లో చూసి తిరిగొచ్చి "ఈ పాలసీ పందొమ్మిది రోజుల కిందటే రద్దయిందమ్మా" అంది. టెక్సస్‌లో ఏ బండికి ఇన్సూరెన్స్ ఉందో ఏ బండికి లేదో చెప్పే టెక్సస్‌ష్యూర్ అనే ప్రభుత్వ వ్యవస్థ ఉంది. నా చేతిలో కార్డుకి, దాని వెనక పాలసీకి సంబంధం తెగిపోయిందని నాకు ఆ రోడ్డు మీద తెలిసింది. జరిమానా కట్టాను. ఆ పెద్దావిడ బండి బాగుచేయించిన 3,800 డాలర్లు ఎనిమిది నెలలు వాయిదాల్లో చెల్లించాను. ఆ తర్వాత ఏ కంపెనీకి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: మధ్యలో ఎన్నాళ్ళు ఇన్సూరెన్స్ లేదు?

అందుకే పిల్లలకి ముందు చెప్పేది ఇది. మన ఊళ్ళో ఇన్సూరెన్స్ అంటే ఒక మనిషి. గుమ్మంలోకి వస్తాడు, మంచినీళ్ళు తాగుతాడు, తేదీ గుర్తుచేస్తాడు. అక్కడ ఇన్సూరెన్స్ అంటే ఒక కాగితం, దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే. ఆ కాగితం పేరు డిక్లరేషన్స్ పేజీ. పాలసీ మొత్తం నలభై పేజీలు చదవకపోయినా, ఈ ఒకటి రెండు పేజీలు ప్రతి అక్షరం చదవండి. మీకు తెలిసిన బ్రాండు పేరు పైన పెద్దగా ఉంటుంది. కానీ మీ రిస్కు నిజంగా మోసే కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో వేరేగా ఉండొచ్చు, ఎందుకంటే ఒక్కో పెద్ద బ్రాండు కింద నాలుగైదు కంపెనీలుంటాయి. ఐడీ కార్డు మీద చాలాచోట్ల ఎన్‌ఏఐసీ (అక్కడి రాష్ట్రాల ఇన్సూరెన్స్ అధికారుల సంఘం) అని ఐదంకెల నంబరు ఉంటుంది. అది ఆ కంపెనీ గుర్తింపు. ప్రమాదం జరిగినప్పుడు ఎదుటివాళ్ళ కంపెనీకి, పోలీసులకి ఇవ్వాల్సిన పేరు ఆ చిన్న అక్షరాలదే. ఏజెంటు పేరు, డబ్బు కట్టించుకున్న వెబ్‌సైటు పేరు అక్కడ పనికిరావు.

ఇంకో సంగతి. ఇక్కడ పాలసీ ఏడాదికి. అక్కడ చాలావరకు ఆరు నెలలకే. ప్రతి ఆరు నెలలకీ ధర మారుతుంది, ఒక్కోసారి షరతులూ మారతాయి. ఇల్లు మారినా, కార్డు మారినా, ఫోన్ నంబరు మారినా అదే రోజు కంపెనీకి చెప్పండి. నేను ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తారీఖున యాప్ తెరిచి "యాక్టివ్" అన్న మాట కళ్ళారా చూస్తాను. అర నిమిషం పని.

ఇక ఏ కవరేజీ తియ్యాలన్నది. ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా తప్పు చేస్తారు, ఆ తప్పుకి కారణం మన దేశంలో ఉన్న పద్ధతే. ఇక్కడ థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, ఎదుటి మనిషి గాయపడినా చనిపోయినా ట్రిబ్యునల్ ఎంత ఇవ్వమంటే అంత కంపెనీ ఇస్తుంది, దానికి పైన గీత లేదు. ఆస్తి నష్టానికి మాత్రమే కారుకి 7.5 లక్షల దగ్గర గీత ఉంది. ఆ అలవాటుతో అమెరికా వెళ్ళి "లయబిలిటీ ఉంది గదా, చాలు" అనుకుంటాం. అక్కడ లయబిలిటీకి, అంటే ఎదుటివాళ్ళకి చేసిన నష్టం కట్టే కవరేజీకి, గీత ఉంది, అదీ చాలా కింద ఉంది.

టెక్సస్‌లో చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడ్డవాళ్ళందరికీ కలిపి 60 వేలు, ఎదుటివాళ్ళ ఆస్తికి 25 వేలు. మీరు గుద్దింది 45 వేల డాలర్ల పికప్ ట్రక్కు అనుకోండి, డాలస్ రోడ్ల మీద ప్రతి నాలుగు బండ్లకీ ఒకటి కనిపిస్తుంది. అది పూర్తిగా పోతే కంపెనీ 25 వేలు ఇచ్చి తప్పుకుంటుంది. మిగతా 20 వేలు మీ మెడకి. మనిషికి ఎముక విరిగి, ఆపరేషన్ పడి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ 30 వేలు ఎక్కడికి చాలుతాయి?

"మరేటి తియ్యమంటావు అత్తా?" అన్నాడు గుణుపురం కుర్రాడు. నా సలహా 100/300/100. కనీసం నుంచి అక్కడికి వెళ్ళడానికి పెరిగే ప్రీమియం మీరు భయపడేంత ఉండదు, కొటేషన్ తీసుకునేటప్పుడు రెండు ధరలూ పక్కపక్కన పెట్టించుకుని చూడండి. డబ్బు తగ్గించుకోవాలంటే మీ సొంత బండి కవరేజీలో తగ్గించుకోండి. నాలుగు వేల డాలర్ల పాత కొరోలా కొని, వెయ్యి డాలర్ల డిడక్టిబుల్‌తో (ముందు మీ జేబులోంచి పోయేది) కొలిజన్ (గుద్దుకుంటే మీ బండికి ఇచ్చేది) తీస్తే, బండి మొత్తం పోయినా చేతికొచ్చేది మూడు వేలే. అది వదిలేసినా బతుకు ఆగదు. ఎదుటి మనిషికి చేసిన నష్టం దగ్గర పిసినారితనం వద్దు. అప్పు మీద కొన్న కారైతే కొలిజన్, కాంప్రహెన్సివ్ రెండూ ఉండాలని అప్పిచ్చినవాళ్ళే పట్టుబడతారు. మీరు ఆపేస్తే వాళ్ళే ఒక పాలసీ కొని ఖర్చు మీ మీద వేస్తారు. అది ఖరీదెక్కువ, కాపాడేది మాత్రం వాళ్ళ బాకీనే. కాంప్రహెన్సివ్ అంటే దొంగతనం, నిప్పు, అడ్డం వచ్చిన జింక, వడగళ్ళు. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వడగళ్ళు చూడనివాళ్ళకి చెప్పినా నమ్మరు. నిమ్మకాయంత గడ్డలు పడి బానెట్ అంతా సొట్టలు పోతుంది.

తర్వాత సంతకాల పేజీ. టెక్సస్‌లో కంపెనీ రెండు కవరేజీలు మీకు చూపించి తీరాలి. ఒకటి, ఇన్సూరెన్స్ లేనివాడో, చాలినంత లేనివాడో మిమ్మల్ని గుద్దితే మీ కంపెనీయే మీకు ఇచ్చేది. రెండోది పీఐపీ, తప్పు ఎవరిదైనా మీ వైద్యానికి, పోయిన జీతానికి కొంత ఇచ్చేది, మామూలుగా 2,500 డాలర్ల నుంచి మొదలు. ఇవి వద్దంటే మీరు రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్‌లో చవక ధర కోసం గబగబా నొక్కుకుంటూ పోతే, ఆ వద్దన్న సంతకం మీకు తెలియకుండానే పెట్టేస్తారు. ఆగి చదవండి. అందులో మొదటిది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి.

మొదటి ఏడాది ప్రీమియం చూసి గుండె గుభేలుమంటుంది. ఇక్కడ పదేళ్ళు నడిపిన అనుభవాన్ని అక్కడ చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. క్రెడిట్ చరిత్ర లేకపోవడం కూడా ధర పెంచుతుంది. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్ దాన్ని వాడనివ్వవు, టెక్సస్‌లో వాడతారు. దానికి మందు కాలమే. ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా పాలసీ నడిపిస్తే ఏడాదికేడాది దిగుతుంది.

ముగ్గురు కలిసి ఒక కారు కొంటామన్నారు. కొనుక్కోండి, కానీ లైసెన్సు ఉండి అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే ముగ్గురి పేర్లూ పాలసీలో రాయించండి. ప్రీమియం తగ్గుతుందని ఒకడి పేరు దాచి, వాడే నడుపుతుండగా ప్రమాదమైతే కంపెనీ క్లెయిమ్ కొట్టేసే అవకాశం ఉంది. అలాగే ఆ బండితో భోజనాల డెలివరీ చెయ్యకూడదు. మామూలు పాలసీ ఆ పనికి వర్తించదు, స్టూడెంటు వీసా మీద ఆ పని చెయ్యడం వీసాకే ముప్పు.

బరంపురం అబ్బాయి చదువయ్యాక వర్జీనియా పోతానేమో అన్నాడు. రాష్ట్రం మారితే ఏమవుతుందో మన సరిహద్దు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మనం పాతపట్నం దాటితే ఆంధ్రా, ఇటొస్తే ఒడిశా. ఏపీ బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచాలంటే పాత ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, కొత్త నంబరు, ఆ కొత్త నంబరు మళ్ళీ పాలసీలోకి ఎక్కించడం, ఇవన్నీ తెలిసినవాళ్ళం. అక్కడ ఇంకా ఎక్కువ, ఇన్సూరెన్స్ చట్టమే రాష్ట్రానికొకటి. వర్జీనియాలో చట్టం అడిగే కనీసం, 2025 నుంచి, 50/100/25. అదే ఏడాది కాలిఫోర్నియా 15/30/5 నుంచి 30/60/15కి పెంచింది. ఫ్లోరిడాలో 10 వేల డాలర్ల పీఐపీ తప్పనిసరి. రాష్ట్రం మారితే పాత పాలసీకి చిరునామా మార్చడంతో సరిపోదు, కొత్తది రాయించుకోవాలి.

కంపెనీ మార్చేటప్పుడు వరస తప్పకండి. ముందు కొత్త పాలసీ మొదలవ్వాలి, ఆ తేదీకే పాతది ఆగాలి, ఆగినట్టు రాతలో తీసుకోవాలి. డబ్బు కట్టడం మానేస్తే అదే పోతుందిలే అనుకోకండి, అది "కట్టక రద్దయింది" అని మీ పేరు మీద మచ్చగా మిగిలిపోతుంది. కొత్త కంపెనీ ఎలాంటిదో చూడాలంటే ఎన్‌ఏఐసీ ఫిర్యాదుల సూచీ ఉంటుంది, 1 అంటే సగటు, రెండు మూడు ఉంటే దూరంగా ఉండండి. మీ క్లెయిముల చరిత్ర క్లూ అనే రిపోర్టులో ఏడేళ్ళు ఉంటుంది, ఏడాదికొకసారి ఉచితంగా అడిగి తెప్పించుకోవచ్చు. అందులో మీవి కాని క్లెయిములు ఉంటే సరిదిద్దించుకోండి.

రెండు నెలలు ఇండియా వస్తున్నామని పాలసీ రద్దు చేసేవాళ్ళని చూశాను. అలా చెయ్యకండి. నడపని కాలానికి తగ్గించే మార్గం ఉందేమో కంపెనీని అడగండి, కొన్ని కాంప్రహెన్సివ్ మాత్రం ఉంచి మిగతాది ఆపుతాయి. తిరిగొచ్చి తాళం తిప్పేముందు లయబిలిటీ మళ్ళీ మొదలుపెట్టించాలి.

చివరగా ఇక్కడి పని. మేనల్లుడు తన పేరు మీదున్న చిన్న కారుని పాతపట్నంలో ఒకరికి అమ్మేశాడు, డబ్బూ తీసుకున్నాడు. ఆర్‌సీ ఇంకా వీడి పేరునే ఉంది. రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, ప్రమాదమైతే పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. వీడు డాలస్‌లో ఉండగా ఆ బండి టెక్కలి రోడ్డులో ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది ఈ ఇంటికే, అన్నయ్య చేతికే. ఎన్‌ఓసీ తీసి, పేరు మార్పించి, నో క్లెయిమ్ బోనస్ నిలిపి ఉంచే ఉత్తరం కంపెనీ దగ్గర తీసుకోమన్నాను. ఆ ఉత్తరం మూడేళ్ళు చెల్లుతుంది, ఆలోపు తిరిగొచ్చి ఇక్కడ కొత్త కారు కొంటే పనికొస్తుంది. సోమవారం పొద్దున్న తండ్రీకొడుకులిద్దరూ ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్తున్నారు. స్వీట్ల డబ్బాలో పాత పాలసీలన్నీ తీసేసి, నడుస్తున్నది ఒక్కటే ఉంచాను.