పాత కథను ఇద్దరు స్త్రీల ప్రేమకథగా తిరగరాస్తే మూలకథ చెడిపోతుందా?

చెడిపోదు, ఎందుకంటే సిండ్రెల్లా వంటి కథలకు అందరూ ఒప్పుకున్న మూలరూపం ఒక్కటంటూ ఏనాడూ లేదు. స్త్రీల మధ్య ప్రేమను చెప్పే కొత్త కథనం ఉన్నవాటి పక్కన చేరే మరో రూపమే. 9వ శతాబ్దంలో చైనాలో రాసిపెట్టిన ఇటువంటి కథలో ఆ అమ్మాయిని ఆదుకునేవి చేప ఎముకలు, ఆమె జారవిడిచేది బంగారు చెప్పు. మనం పిల్లలకు చెప్పే గాజు చెప్పు, వరాలిచ్చే దేవత 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో ప్రచురించిన రూపంలోవి. 1812లో గ్రిమ్ సోదరులు జర్మన్‌లో అచ్చువేసిన కథలోనైతే ఆ దేవతే లేదు, తల్లి సమాధి మీద పెరిగిన చెట్టే ఆ పిల్లకు అండ.

ఐరిష్ రచయిత్రి ఎమ్మా డొనహ్యూ 1997లో వెలువరించిన ‘కిస్సింగ్ ద విచ్’ సంపుటిలోని చెప్పు కథను చూడండి. అందులో తల్లి స్నేహితురాలైన ఒక పెద్దావిడ ఆ అమ్మాయిని విందుకు సిద్ధం చేసి పంపుతుంది. రాకుమారుడు పెళ్లి మాట ఎత్తగానే ఆమె పారిపోయి వస్తుంది, తాను కోరుకున్నది ఆ స్త్రీనేనని గ్రహిస్తుంది, మిగిలిన చెప్పును ముళ్లపొదలోకి విసిరేస్తుంది. అది అక్కడే వేలాడుతూ మెరుస్తుంటుంది.

రాకుమారుడి స్థానంలో రాకుమారిని పెట్టడమే ఇటువంటి రచన అని చాలామంది పొరబడతారు. ఈ కథలో రాకుమారుడు ఉన్నాడు, విందూ ఉంది, చెప్పూ ఉంది. పాత కథ ఏనాడూ అడగని ప్రశ్నను, అంటే ఆ అమ్మాయికి ఎవరు కావాలన్నదాన్ని, రచయిత్రి అడిగింది. మార్పంతా అక్కడే ఉంది.