టెక్ సందేహాలు: డీజిల్ పికప్ కొనే ముందు తలుపు తెరిచి చూడండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురం. ఈ మధ్యే ఒక ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) కొన్నాం. ఖాళీ బరువు 4,700 పౌండ్లు. సామానుతో కలిపి 6,000 పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంది. అప్పుడప్పుడూ ఓక్లహోమా చెరువుల దగ్గరికి, వేసవిలో ఒకసారి కొలరాడో కొండలకు దాన్ని తీసుకెళ్లాలని కోరిక. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్లడానికీ అదే బండి, ఒక వైపు 28 మైళ్లు. పెద్ద ట్రక్కు మా గ్యారేజీలో పట్టదు. మధ్యస్థాయి డీజిల్ పికప్‌లలో ఏది కొనమంటారు?

జవాబు: ముందుగా ఒక నిరాశ కలిగించే మాట. అమెరికాలో ఇప్పుడు కొత్తగా కొందామంటే ఈ పరిమాణంలో డీజిల్ పికప్ లేదు. షెవర్లే కొలరాడో, జీఎంసీ కాన్యన్‌లలో 2.8 లీటర్ల డ్యూరామాక్స్ ఇంజన్ 2016 మోడల్‌తో వచ్చి 2022తో ఆగిపోయింది. జీప్ గ్లాడియేటర్‌లో 3 లీటర్ల ఎకోడీజిల్ 2021లో వచ్చి 2023తో ముగిసింది. కాబట్టి మీరు వెతకవలసింది వాడిన బండి. ఎంపిక ఈ రెండింటి మధ్యే.

కాగితం మీద గ్లాడియేటర్ ఇంజన్ బలమైనది. 260 హార్స్‌పవర్, 442 పౌండ్-అడుగుల టార్క్ (చక్రాలను తిప్పే బలం). కొలరాడోది 181 హార్స్‌పవర్, 369 పౌండ్-అడుగులు. అయినా లాగడానికి అనుమతించిన బరువు చూస్తే లెక్క తిరగబడుతుంది. డీజిల్ గ్లాడియేటర్‌కు గరిష్ఠంగా 6,500 పౌండ్లు. కొలరాడోకు టూ వీల్ డ్రైవ్‌లో 7,700, ఫోర్ వీల్ డ్రైవ్‌లో 7,600. ఇంజన్ ఎంత లాగగలదన్నది ఒక్కటే దీన్ని నిర్ణయించదు. చట్రం, ఇరుసులు, రేడియేటర్, బ్రేకులు అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. మీ ట్రెయిలర్ 6,000 దాకా వెళ్లేది కనుక గ్లాడియేటర్‌తో మీకు మిగిలేది 500 పౌండ్లే. కొండ ఎక్కేటప్పుడు అంత తక్కువ వెసులుబాటుతో వెళ్లమని నేను చెప్పలేను.

ఇంతవరకు అమ్మకందారు కూడా చెబుతాడు. అతను సాధారణంగా ప్రస్తావించని అంకె ఇంకొకటి ఉంది. దాని కోసం డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు చట్రం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఉండే చిన్న స్టిక్కర్ చూడండి. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అదే పేలోడ్, అంటే బండి తన వీపు మీద మోయగల బరువు. ట్రెయిలర్ బరువు మొత్తం దాని చక్రాల మీదే నడిచిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం) మీద, అంటే మీ ట్రక్కు వీపు మీద పడుతుంది. అది కూడా ఈ పేలోడ్ లెక్కలోకే వస్తుంది.

మీ ఇంటి లెక్కే వేసి చూద్దాం. స్టిక్కర్ మీద 1,400 పౌండ్లు ఉన్నాయనుకోండి. ట్రెయిలర్‌ను నీళ్లతో, సామానుతో నింపితే 5,600 అవుతుంది. అందులో 13 శాతం అంటే 728 పౌండ్లు హిచ్ మీద. మీరిద్దరూ, పిల్లలిద్దరూ కలిసి 460. బరువును సర్దే హిచ్ సామగ్రి 90. వెనక తొట్టిలో సైకిళ్లు, ఐస్ పెట్టె, కుర్చీలు 150. మొత్తం 1,428. లాగే పరిమితిలో ఇంకా 2,000 పౌండ్లు మిగిలి ఉండగానే, మోసే పరిమితి 28 పౌండ్లు దాటిపోయింది. బరువును సర్దే హిచ్ పెట్టాం కదా అని ధీమా పడకండి. అది వెనక ఇరుసు మీది భారాన్ని కొంత ముందుకూ, కొంత ట్రెయిలర్ చక్రాలకూ పంచుతుంది. స్టిక్కర్ మీది అంకెను మాత్రం పెంచదు.

దీనికి మార్గం ఉంది. ట్రెయిలర్‌లోని మంచినీళ్ల ట్యాంకు ఇంటి దగ్గర నింపకండి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు తూగుతాయి, 30 గ్యాలన్లంటే 250 పౌండ్లు. క్యాంపుకు చేరాక నింపుకోవచ్చు. తొట్టిలోని సామాను తీసి ట్రెయిలర్ లోపల ఇరుసుల మీదికి వచ్చేలా సర్దండి. అప్పుడు ట్రెయిలర్ 5,500, హిచ్ మీద 715, మొత్తం 1,265 అవుతుంది. 135 పౌండ్లు మిగులుతాయి. అయితే పిల్లలు పెరుగుతారు, మూడేళ్లలో ఆ మిగులు వాళ్లే తీసుకుంటారు. అందుకే 1,500కు దగ్గరగా స్టిక్కర్ ఉన్న బండి దొరికేదాకా ఓపిక పట్టండి. ఒకే మోడల్‌లో కూడా ఈ అంకె ఒక బండికీ మరో బండికీ మారుతుంది. అదనపు హంగులు పెరిగినకొద్దీ అది తగ్గుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ కంటే టూ వీల్ డ్రైవ్‌కు సాధారణంగా ఎక్కువ ఉంటుంది. ప్రకటనలోని ఫొటోలు చూసి వెళ్లవద్దు. ముందే ఆ స్టిక్కర్ ఫొటో పంపమని అడగండి.

లెక్కలు వేశాక ఒకసారి తూకం వేయించడం తప్పనిసరి. పోయిన ఏడాది డాలస్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి అతని ట్రెయిలర్‌ను హైవే పక్క ట్రక్కుల స్టాప్‌లో ఉన్న క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకం మీదికి తీసుకెళ్లాం. నేల మట్టానికి మూడు ఇనుప పలకలుంటాయి. ముందు చక్రాలు మొదటి దాని మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా ఆపాలి. కిటికీలోంచి చెయ్యి చాపి స్తంభానికున్న బటన్ నొక్కితే లోపలి నుంచి గొంతు వినిపిస్తుంది, మొదటి తూకమా, మళ్లీ తూకమా అని. కాసేపటికి చీటీ చేతికొస్తుంది. ఇప్పుడు ఆ పని ఫోనులోని యాప్‌తోనూ అవుతుంది, చీటీ యాప్‌లోకే వస్తుంది. ట్రెయిలర్‌లో పెద్దగా ఏమీ పెట్టలేదని మా వాడి నమ్మకం. చూస్తే ఖాళీ బరువు కంటే 740 పౌండ్లు ఎక్కువ ఉంది. తలుపు తీసి చూశాం. రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, నీళ్ల గొట్టాలు, పరుపులు, బియ్యం బస్తా, రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, మిక్సీ. ఒక్కొక్కటీ చూస్తే తేలికే. ఆ రోజు అక్కడే సగం సామాను దించి కారులో వేసుకున్నాం. అప్పటి నుంచి ఎవరు అడిగినా తయారీదారు రాసే ఖాళీ బరువును లెక్కలోకి తీసుకోవద్దనే చెబుతున్నాను.

ఇక ఆఫీసు ప్రయాణం. డీజిల్ అంటే ఆదా అనే మాట మన ఊళ్ల నుంచి వెంట తెచ్చుకున్నదే. అమెరికాలో చాలాకాలంగా డీజిల్ ధర పెట్రోలు కంటే ఎక్కువగానే ఉంటోంది. ఫెడరల్ పన్ను కూడా గ్యాలన్‌కు పెట్రోలు మీద 18.4 సెంట్లయితే డీజిల్ మీద 24.4 సెంట్లు. మీ ప్రయాణం ఏడాదికి సుమారు 11,200 మైళ్లు. డీజిల్ బండి గ్యాలన్‌కు 25 మైళ్లు, అదే స్థాయి పెట్రోలు బండి 20 మైళ్లు ఇస్తాయనుకుంటే డీజిల్ 448 గ్యాలన్లు, పెట్రోలు 560 గ్యాలన్లు పడతాయి. పెట్రోలు 3 డాలర్లు, డీజిల్ 3.50 అనుకుంటే ఖర్చు డీజిల్‌కు 1,568, పెట్రోలుకు 1,680 డాలర్లు. ఏడాదికి మిగిలేది 112 డాలర్లు. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. కేవలం ఆఫీసు కోసమైతే డీజిల్ అక్కర లేదు. దాని విలువ తెలిసేది బరువు లాగేటప్పుడు. 2,000 ఆర్‌పీఎమ్ దగ్గరే పూర్తి టార్క్ అందుతుంది కనుక ఇంజన్ అరవకుండా కొండ ఎక్కుతుంది. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది. అక్కడి పలచని గాలిలో టర్బో లేని ఇంజన్లు డీలా పడతాయి. దిగేటప్పుడు మేలు ఇంకా ఎక్కువ. 2.8 డ్యూరామాక్స్‌కు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది), ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కు నుంచే ట్రెయిలర్ బ్రేకులు నడిపేది) కంపెనీవే వస్తాయి. బ్రేకు పెడల్‌ను కాలితో తొక్కిపట్టి పలకలు మాడేలా దిగే అవసరం ఉండదు. అన్నట్టు, టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌ను హైవే వేగంతో లాగాలంటే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి. మీ దానికి ఉండే ఉంటాయి, పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

28 మైళ్ల దూరం డీజిల్ ఆరోగ్యానికి చాలా మంచిది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్, మసి నిండాక దాన్ని తనే కాల్చుకుంటుంది. అందుకు ఇంజన్ బాగా వేడెక్కి కొంతసేపు ఒకే వేగంతో నడవాలి. మీ ఆఫీసు దారిలో ఆ పని మీకు తెలియకుండానే అయిపోతుంది. ఇంట్లో మరొకరు అదే బండిని రోజూ రెండు మైళ్ల దూరంలోని బడికి తిప్పితే మాత్రం ఫిల్టర్ పూడుకుపోతుంది, మార్చాలంటే వేల డాలర్లవుతుంది. బడికి ఇంకో కారు వాడండి.

వాడిన బండి కొనేటప్పుడు నేనైతే ఇవి చూస్తాను. 17 అక్షరాల బండి నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో కొడితే ఇంకా సరిచేయని రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. 2.8 ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంది, 1,50,000 మైళ్లకు మార్చాలి. ఆ దగ్గరకు వచ్చిన బండి అయితే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఆయిల్ మార్పిడి రసీదులు అడగండి. మాన్యువల్‌లో చెప్పిన రకం కాకుండా వేరే ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో చేరి కాలకుండా ఉండిపోతుంది. డీపీఎఫ్, డెఫ్ (పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవం) పరికరాలు తీసేశామని, ఇప్పుడు మైలేజీ బాగుందని ఎవరైనా గొప్పగా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. అది అమెరికా స్వచ్ఛ వాయు చట్టానికి విరుద్ధం, ఆ బండిని తర్వాత అమ్మడమూ కష్టం.

మరొకటి, పెట్రోలు బంకు దగ్గర ఆకుపచ్చ పిడిని చూసి డీజిల్ అనుకోకండి. చాలాచోట్ల డీజిలే అయినా బీపీ కంపెనీ బంకుల్లో ఆకుపచ్చ పిడి పెట్రోలుది. రంగు వదిలేసి అక్షరాలు చదవండి.

నా సలహా: 2019 నుంచి 2022 మధ్య మోడల్ కొలరాడో లేదా కాన్యన్ డీజిల్, క్రూ క్యాబ్ (నాలుగు తలుపులు, రెండు వరుసల సీట్లు), పొట్టి తొట్టి. పొడవు సుమారు 213 అంగుళాలు, పెద్ద సిల్వరాడో క్రూ క్యాబ్ కంటే అడుగున్నర తక్కువ. అలాంటిది మంచి రికార్డుతో దొరక్కపోతే డీజిల్ పట్టుదల వదిలేయండి. కొత్త కొలరాడోలోని 2.7 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ 430 పౌండ్-అడుగుల టార్క్‌తో 7,700 పౌండ్ల దాకా లాగుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, నిజమే. కాని పాడైన డీజిల్ కంటే బాగున్న పెట్రోలు బండి నయం.

ప్రశ్న: నా డీజిల్ పికప్‌కు బ్లూటూత్ ఓబీడీ పరికరం (బండి సాకెట్‌లో గుచ్చితే ఇంజన్ వివరాలు ఫోనులో చూపించేది) పెట్టుకోమని మిత్రులు చెబుతున్నారు. ఉపయోగమా? (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: డీజిల్‌కు చాలా ఉపయోగం. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ స్టీరింగ్ కింద ఈ సాకెట్ ఉంటుంది. అయితే మామూలు యాప్‌లు వేగం, ఇంజన్ వేడి లాంటి అందరికీ ఉండే అంకెలే చూపిస్తాయి. మీకు కావలసినవి మసి ఎంత శాతం నిండింది, ఫిల్టర్ ఇప్పుడు కాల్చుకుంటోందా అన్న రెండూ. ఇవి తయారీదారు సొంత కోడ్‌లు. మీ మోడల్‌కు వాటిని చదవగల యాప్ ఏదో ముందు చూసుకుని, దానికి సరిపడే పరికరం కొనండి. మరీ చవక నకిలీలు మధ్యలో తెగిపోతుంటాయి. ఫిల్టర్ కాల్చుకుంటోందని తెలిసిన రోజు ఇల్లు వచ్చేసినా ఆపకుండా ఇంకో పావుగంట నడపవచ్చు. పని అయ్యాక పరికరాన్ని తీసి పెట్టెలో పెట్టుకోండి. వారాల తరబడి అక్కడే వదిలేస్తే బండి బ్యాటరీ దిగిపోతుంది, భద్రతకూ మంచిది కాదు.

ప్రశ్న: ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ కొన్నాను. రోజూ ఇంటి నుంచి కొట్టుకు మూడు కిలోమీటర్లు. నెల తిరగకముందే డీపీఎఫ్ దీపం వెలిగింది. బండి లోపమా? (తెనాలి)

జవాబు: లోపం కాకపోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక మన దగ్గరి డీజిల్ బండ్లలోనూ ఈ ఫిల్టర్ ఉంది. మీ బండి మన శ్రీసిటీలో తయారైనదే, 1.9 లీటర్ల ఇంజన్ 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. అంత ఇంజన్ మూడు కిలోమీటర్లలో పూర్తిగా వేడెక్కనే వేడెక్కదు. వారానికి ఒక రోజు జాతీయ రహదారి 16 మీద గుంటూరు నుంచి విజయవాడ దాకా ఒకే వేగంతో వెళ్లి రండి. దీపం స్థిరంగా వెలిగితే ఆ ప్రయాణం సరిపోతుంది. మినుకుమినుకుమంటే, లేదా ఇంజన్ దీపం కూడా తోడైతే అలాగే నడపకుండా సర్వీసు కేంద్రానికి ఫోన్ చేయండి. వారానికోసారి హైవే ఎక్కడం మీకు కుదరని పని అయితే, ఆ మూడు కిలోమీటర్లకు స్కూటర్ వాడి ట్రక్కును దూర ప్రయాణాలకు ఉంచుకోండి.